నలభై అని లెక్కపెట్టింది ఎవరు?

ప్రశ్న: లాయరు గారూ, మాది విజయవాడ పటమట. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మూడేళ్లుగా ఈత నేర్చుకుంటోంది. ప్రాక్టీసు లెక్క తెలుస్తుందని బందరు రోడ్డులోని ఒక షోరూంలో 31 వేలు పెట్టి స్మార్ట్‌వాచీ కొన్నాను. కొని 22 నెలలైంది. నెల తిరక్కుండానే తేడా బయటపడింది. పాప 40 లెంగ్తులు (పూల్ ఈ చివర నుంచి ఆ చివరకి ఒక లెంగ్తు) కొడితే ఒకరోజు 33, ఇంకోరోజు 36, మరోరోజు 43 చూపిస్తోంది. సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు వెళ్తే చూసి, బాగానే ఉందని పంపేశారు. ఆ వాచీ లెక్క చూసే కోచ్ అందరి ముందూ పాపని దొంగ ప్రాక్టీసు అన్నారు. పోటీలకు పేరు కూడా పంపలేదు. పాప రెండు నెలలు అన్నం సరిగా తినలేదు. ఇంట్లో అందరికీ టెన్షనే. షోరూం వాళ్లేమో వారంటీ అయిపోయింది కాబట్టి తమకు సంబంధం లేదంటున్నారు. కొనేముందు అక్కడి సేల్స్ అబ్బాయి 'సర్, లెంగ్తులు పక్కాగా కౌంట్ చేస్తుంది' అని వాట్సాప్ మెసేజ్ పెట్టాడు. బిల్లు మా షాపు పేరు మీద ఉంది. బీసెంట్ రోడ్డు దగ్గర రిపేరు చేసే అతను వాచీ విప్పి, సెన్సర్ పోయిందని కాగితం రాసిస్తానంటున్నాడు. కంపెనీ, షోరూం, కోచ్ ముగ్గురి మీదా 10 లక్షలకు కేసు వేయొచ్చా? (వారంలో సగం రోజులు కోచ్ కిక్‌బోర్డు అనే తేలే పలకని చేతులతో పట్టించి కాళ్లతోనే ఈత కొట్టిస్తారు. లెంగ్తులు పాపే లెక్కపెట్టుకుంటుంది.)

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే సంగతులు రెండూ చివర బ్రాకెట్లో పెట్టి వదిలేశారు. ముందు వాటి సంగతే చూద్దాం.

వాచీ 33 చూపించింది. దానికి రుజువు వాచీలోనే ఉంది. అసలు సంఖ్య 40 అనడానికి రుజువేది? ఈత కొడుతూ పాప మనసులో పెట్టుకున్న లెక్క తప్ప మీ దగ్గర ఇంకేమీ లేదు. పాప అబద్ధం చెప్పిందని నేననడం లేదు. అలసిపోయిన ఈతగాళ్లు ఎంత అనుభవం ఉన్నా ఒకటో రెండో లెంగ్తులు మర్చిపోతారు. ఆ మాట వినియోగదారుల కమిషన్ ముందు కంపెనీ లాయరు మొదటి వాయిదాలోనే అంటారు. వాచీ తప్పు అని చెప్పాలంటే ఒప్పు సంఖ్య ఏమిటో వేరే ఆధారంతో చూపించాలి. 22 నెలల్లో ఒక్కరోజైనా గట్టు మీద ఎవరో కూర్చుని లెక్కపెట్టి, తేదీ వేసి రాసుకున్నారా? ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. కేసంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఇక కిక్‌బోర్డు. ఈ వాచీలు గోడని చూడవు. నీళ్లలోకి జీపీఎస్ సిగ్నల్ దూరదు కాబట్టి పూల్‌లో అది పనికిరాదు. లోపలున్న యాక్సెలరోమీటరు, గైరోస్కోపు అనే సెన్సర్లు చేతి కదలికని పట్టుకుంటాయి. చేయి ఒక లయలో తిరుగుతూ ఉండి, గోడ దగ్గర ఆ లయ తెగి, కాలితో గోడను తన్ని ముందుకు జారినప్పుడు, ఒక లెంగ్తు అయిందని వాచీ ఊహిస్తుంది. ఆ సంఖ్యని మీరు సెట్ చేసిన పూల్ పొడవుతో హెచ్చవేసి దూరం చూపిస్తుంది. కిక్‌బోర్డు పట్టుకుంటే చేయి కదలదు. కదలని చేతిని వాచీ లెక్కపెట్టలేదు. అందుకే కొన్ని కంపెనీలు ఇలాంటి డ్రిల్లు దూరాన్ని చేత్తో ఎక్కించుకునే సదుపాయం విడిగా పెడతాయి. మధ్యలో ఆగి కళ్లద్దాలు సర్దుకున్నా, సగంలో ఫ్రీస్టయిల్ నుంచి బ్రెస్ట్ స్ట్రోక్‌కి మారినా వాచీ దాన్ని మలుపుగా తీసుకుని ఒకటి ఎక్కువ వేయొచ్చు. గోడను మెల్లగా తాకి నెమ్మదిగా తిరిగితే ఒకటి తక్కువ వేయొచ్చు. కాబట్టి 33 వచ్చిన రోజు కిక్‌బోర్డు రోజేనా అన్నది తేలాలి. కిక్‌బోర్డు రోజే అయితే ఆ రోజుకి మీకు కేసు లేదు. మొత్తం ఫ్రీస్టయిల్ కొట్టిన రోజున కూడా లెక్క తప్పితే కేసు ఉంది.

'లోపం' అంటే ఏమిటో వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 2(10) చెబుతోంది. వస్తువుకి ఉండాల్సిన నాణ్యత చట్టం వల్లే రావాలని లేదు, ఒప్పందం వల్ల కానీ, అమ్మినవారు ఏ రూపంలోనైనా చెప్పుకున్న దాన్ని బట్టి కానీ రావచ్చు. అందుకే సేల్స్ అబ్బాయి వాట్సాప్ మెసేజ్ మీ ఫైలులో అన్నిటికన్నా బలమైన కాగితం. మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు! ఆ ఫోను మార్చకండి, రీసెట్ చేయకండి. ఆ చాట్ మొత్తం బయటికి తీసి పెట్టుకోండి, మెసేజ్‌తో పాటు నంబరు, తేదీ, సమయం కనిపించేలా. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీని కూడా ఇవాళే తేదీతో సహా తీసి పెట్టండి, ఎందుకంటే అది రేపు మారిపోవచ్చు. చివర్లో చిన్న అక్షరాల్లో 'ఇవి అంచనాలు మాత్రమే' అని ఉంటే ఎదుటివారు దాన్నే పట్టుకుంటారు. అప్పుడు పక్కాగా అన్న మాట షోరూందే అని నిలబడాలంటే ఆ మెసేజే ఆధారం.

ఇక కాలపరిమితి. ఇది చదివాక ఆలస్యం చేయకండి. సెక్షన్ 69 ప్రకారం కేసుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. నెల తిరక్కుండానే తేడా కనిపించిందని మీరే రాశారు. ఎదుటి లాయరు కొన్న తేదీ నుంచే లెక్క కడతారు, మనమూ ఆ తేదీకే సిద్ధపడాలి. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. సర్వీస్ సెంటర్‌కి వెళ్లి రావడం, మెయిళ్లు పెట్టడం, లీగల్ నోటీసు ఇవ్వడం ఏవీ ఆ గడువును పెంచవు. నోటీసుకు జవాబు వస్తుందేమోనని కూర్చుని గడువు పోగొట్టుకున్నవారు ఎంతోమంది. గడువు దాటాక సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉన్న మాట నిజమే, కానీ తీరిక లేదు, మర్చిపోయాం అన్నవి కారణాలు కావు. వారంటీ అయిపోయిందన్న షోరూం మాటకి మాత్రం బెదరకండి. వారంటీ కంపెనీ ఇచ్చిన హామీ. కేసు వేసే గడువు చట్టం ఇచ్చింది. రెండూ వేరు. వారంటీలో ఉండగా బయటపడిన లోపానికి అది ముగిసినంత మాత్రాన బాధ్యత పోదు. అయితే వారంటీలో ఉండగానే ఆ లోపం సంగతి మీరు వాళ్లకు చెప్పారనడానికి రుజువు కావాలి.

అక్కడే మీ మీద నాకు కోపం వస్తోంది. రెండుసార్లు సర్వీస్ సెంటర్‌కి వెళ్లారు, రెండుసార్లూ జాబ్ షీట్ (వాచీ చూసి ఏం తేల్చారో రాసిచ్చే కాగితం) తీసుకోకుండా వచ్చారు. కౌంటరు దగ్గర అబ్బాయి బాగానే ఉందన్నాడు, మీరు తలూపి వచ్చేశారు. అది కాగితం మీద ఉంటే ఇవాళ మీరు సగం నెగ్గినట్టే. రేపే ఆ సెంటర్‌కి మెయిల్ రాయండి. ఏ ఏ తేదీల్లో వచ్చాం, వాచీ సీరియల్ నంబరు ఎంత, ఏం చెప్పారు, జాబ్ షీట్ కాపీ పంపండి అని అడగండి. మీరు వెళ్లిన రోజు వాళ్ల నుంచి ఎస్సెమ్మెస్ ఏమైనా వచ్చిందేమో ఫోన్లో వెతకండి.

రెండో అజాగ్రత్త బిల్లు. షాపు పేరు మీద తీసుకున్నారంటే జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని వ్యాపారం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) కోసమే అని ఎవరికైనా అర్థమవుతుంది. ఇన్‌పుట్ క్రెడిట్ వ్యాపారం కోసం వాడిన వస్తువుకే వస్తుంది. అక్కడ వ్యాపారానికి అని చెప్పి, ఇక్కడ కూతురి ఈతకు అంటే రెండు మాటలూ ఒకరి నోటి నుంచే వచ్చినట్టవుతుంది. వ్యాపార ప్రయోజనానికి కొన్నవారు ఈ చట్టం కింద వినియోగదారులు కారని ఎదుటివారు అంటారు. దీనికి దారి ఉంది. పేరు ఎవరిదన్నది కాదు, కొనుగోలు ప్రధానంగా దేనికన్నది చూడాలని సుప్రీంకోర్టు 2019లో లీలావతి కీర్తిలాల్ మెహతా మెడికల్ ట్రస్ట్ కేసులో చెప్పింది. పైగా కొన్నవారి సమ్మతితో వాడుకునే వ్యక్తి కూడా సెక్షన్ 2(7) ప్రకారం వినియోగదారే. మైనర్ తరఫున తండ్రి ఫిర్యాదు చేయొచ్చు. కాబట్టి ఫిర్యాదు మీ పేరుతోపాటు మీ అమ్మాయి తరఫున సంరక్షకుడిగా కూడా వేయండి. క్రెడిట్ తీసుకుని ఉంటే ముందుగా మీ ఆడిటర్‌తో మాట్లాడి, దాన్ని వెనక్కి కట్టి సరిచేసుకోండి. దాచిపెట్టి కమిషన్ మెట్లెక్కకండి.

బీసెంట్ రోడ్డు రిపేరు అతని సంగతి ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను. వాచీని విప్పనివ్వకండి. ఒక్కసారి వెనక మూత తీశారంటే నీళ్లు చొరకుండా ఉండే సీలు పోతుంది, లోపం మొదటినుంచీ ఉందా, విప్పినందువల్ల వచ్చిందా అన్నది ఇక ఎవరూ తేల్చలేరు. కంపెనీకి కావాల్సింది సరిగ్గా అదే. అతను రాసిచ్చే కాగితానికి విలువ లేదు, ఆ సెన్సర్‌ను పరీక్షించే పరికరం కానీ అర్హత కానీ అతనికి లేవు. పైగా పరీక్షించకుండానే పోయిందని రాసిన కాగితాన్ని తెలిసి కమిషన్ ముందు పెడితే అది తప్పుడు సాక్ష్యం. కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణే. అక్కడ తప్పుడు సాక్ష్యం నేరం. 31 వేల కోసం వెళ్లి క్రిమినల్ కేసు తెచ్చుకుంటారా? అలాగే వాచీని ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి, పాత ఈతల రికార్డు యాప్‌లోంచి తుడిచేయకండి.

కోచ్ మీద కేసు మర్చిపోండి. ఆయన మీకు వాచీ అమ్మలేదు. పోటీలకు పేరు పంపకపోవడానికి వాచీ ఒక్కటే కారణమని ఏ కాగితమూ లేదు. 10 లక్షల మాట కూడా వదిలేయండి. అంత అడిగితే దానికి లెక్క చూపాలి, చూపలేకపోతే మిగతా ఫిర్యాదు మీద కూడా నమ్మకం సడలుతుంది. వాచీ ధర, దానిపై వడ్డీ, మానసిక వేదనకు సమంజసమైన మొత్తం, ఖర్చులు అడగండి.

ఇప్పుడు చేయాల్సింది. ఈ వారంలోనే మూడు రోజులు పరీక్ష పెట్టండి. మొదట పూల్ పొడవు టేపుతో కొలవండి. 25 మీటర్లని అందరూ అంటారు కానీ అపార్టుమెంట్ల, క్లబ్బుల పూల్స్ చాలావాటికి ఆ పొడవు ఉండదు. పొడవు తప్పుగా సెట్ చేస్తే దూరం తప్పుతుంది కానీ లెంగ్తుల సంఖ్య మామూలుగా తప్పదు. ఈ తేడా మీకు తెలిసి ఉండాలి. కొలిచింది వాచీలో సెట్ చేసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. పూర్తిగా ఫ్రీస్టయిల్, కిక్‌బోర్డు లేదు, మధ్యలో ఆగకూడదు, ప్రతి గోడనూ బాగా తన్ని తిరగాలి. మీకు బంధువులు కాని ఇద్దరు పెద్దవాళ్లు గట్టు మీద చెరో వైపు కూర్చుని, కాగితం మీద ఒక్కో లెంగ్తుకీ గీత గీస్తూ లెక్కపెట్టాలి. పాప బయటికి రాగానే వాచీ తెర ఫోటో తీసి, ఇద్దరూ తమ సంఖ్య రాసి, తేదీ, సమయం వేసి సంతకం చేయాలి. వీడియో ఉంటే మంచిదే, కానీ పూల్‌లో ఇతరుల పిల్లలు ఉంటారు. ఖాళీ సమయం చూసి, నిర్వాహకుల అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, మీ పాప ఈదే వరస వరకే తీయండి.

మూడు రోజుల్లోనూ ఇద్దరి లెక్కా ఒకటై, వాచీ లెక్క తప్పైతే మీకు గట్టి కేసు ఉన్నట్టే. వాచీ లెక్క సరిపోతే కేసు వేయకండి, కోచ్‌కి ఆ కిక్‌బోర్డు సంగతి వివరంగా చెప్పండి. పాప మీద పడ్డ మాట పోవడానికి అదే దగ్గరి దారి.

కేసుకు వెళితే, ఆ ఇద్దరి చేతా అఫిడవిట్లు (ప్రమాణ పత్రాలు) వేయించండి. కమిషన్ అఫిడవిట్లు, పత్రాల ఆధారంగానే వింటుంది. చాట్, స్క్రీన్‌షాట్లు, యాప్ రికార్డులకి భారతీయ సాక్ష్య అధినియమ్ 2023 సెక్షన్ 63 కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయండి, తర్వాత అభ్యంతరాలు రావు. షోరూంని, కంపెనీని ఇద్దరినీ ఎదుటి పక్షాలుగా చేర్చండి. విదేశీ బ్రాండ్ అయితే దిగుమతిదారు పేరు, చిరునామా పెట్టె మీద అచ్చై ఉంటాయి. పెట్టె పారేయలేదుగా? మీరు ఉండేది విజయవాడ కాబట్టి ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. దాఖలుకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసి చూడండి. కంపెనీలు కొన్నిసార్లు అక్కడే దిగివస్తాయి. కానీ దాని కోసం గడువును పణంగా పెట్టకండి.

ఫిర్యాదుతోపాటే వాచీని పరీక్షకు పంపాలని సెక్షన్ 38 కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఆ ఖర్చు ముందు మీరు జమ చేయాల్సి రావచ్చు. పరీక్ష అవసరమైన ఫిర్యాదుల్ని ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా ఆచరణలో ఎక్కువే పడుతుంది, దానికీ సిద్ధపడండి.

మూడు రోజుల ఈత పరీక్ష అయ్యాక వాచీని అలాగే పెట్టెలో భద్రపరచండి, చార్జర్‌తో సహా. పాప ప్రాక్టీసుకి లెంగ్తులు రాసుకునే నోట్‌బుక్ ఒకటి గట్టు మీద పెట్టండి, రోజూ కోచ్ చేతే సంతకం పెట్టించండి.