మేక మెదడులో పాన్స్ పక్కన రెండో అడ్డపట్టీ: సమాధానం

మేక మెదడు అడుగు వైపు పాన్స్ (మెదడు కాండంలో అడ్డపట్టీలా ఉండే భాగం) పక్కన ఇంకో అడ్డపట్టీ ఉందని, మనిషి మెదడు అట్లాస్‌లో (బొమ్మల పుస్తకంలో) అది లేదని, స్పెసిమెన్ (మీ దగ్గరున్న మేక మెదడు) పాడైందా, అట్లాస్ తప్పా అని అడిగారు. ఆ రెండో పట్టీ ట్రెపిజాయిడ్ బాడీ. మీ స్పెసిమెన్ బాగానే ఉంది, అట్లాసూ తప్పు కాదు. మనిషిలోనూ ఆ పట్టీ ఉంది, కాకపోతే బాగా పెరిగిన పాన్స్ దాన్ని కప్పేసింది. మేకలో పాన్స్ సన్నం, అందుకే పట్టీ బయటికి కనిపిస్తుంది. చెవి నుంచి వచ్చే సమాచారాన్ని మోసే తంతువులు అందులోనే అటూ ఇటూ దాటుతాయి.

1. అట్లాస్‌ని అడ్డంగా తిప్పి పెట్టండి. మనిషి బొమ్మలో "కింద" అన్నది మేకలో "వెనక".

2. అందరూ వదిలేసేది ఇదే: అడుగు వైపు పొర తియ్యాలి. పొర ఉంటే రెండు పట్టీలూ ఒకే ముద్దలా కనిపిస్తాయి. మెదడును నీళ్ళ పళ్ళెంలో ముంచి, సన్న ఫోర్‌సెప్స్‌తో మధ్య గాడి దగ్గర రక్తనాళాన్ని పట్టుకుని పక్కలకు మెల్లగా లాగండి. గట్టిగా లాగితే నరాలు కూడా ఊడొస్తాయి. నాకు మొదటిసారి ఒక్కటీ మిగల్లేదు.

3. ఇప్పుడు మెదడు నుంచి బయటికొచ్చే, అంకెలతో పిలిచే నరాలతో సరిచూసుకోండి. లావుపాటి 5వ నరం పాన్స్ పక్కన, 7, 8 నరాలు ట్రెపిజాయిడ్ చివర్ల దగ్గర ఉంటాయి.

4. ఆలివ్ (మనిషిలో పాన్స్ కింద పక్కగా కనిపించే ఉబ్బు) కోసం వెతక్కండి. మేకలో అది మనిషిలోలా ఉబ్బి కనిపించదు, అడ్డంగా కోస్తేనే లోపల దొరుకుతుంది.

కొత్త మెదడు కొంటే, తల నిలువునా చీల్చొద్దని మటన్ కొట్టు ఆయనకు ముందే చెప్పండి. ఈ ఎండకి మెదడు గంటల్లోనే మెత్తబడుతుంది, వెంటనే ఐస్‌లో పెట్టండి. భీమవరంలో రొయ్యల ఐస్‌కి కరువేముంది!