మిడిల్ స్కూల్ ముందు ఆ బ్యానర్ ఎందుకు కట్టారు? – మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మిడిల్ స్కూల్ గురించే. అమెరికాలో మిడిల్ స్కూల్ (ఆరు నుంచి ఎనిమిదో తరగతి) పిల్లలకి చాలా ఏళ్ళుగా మ్యాథ్ చెప్తున్నదాన్ని కాబట్టి ఈ నెల వేరే టాపిక్స్ అన్నీ పక్కన పెట్టేసి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: మా బాబు ఈ ఫాల్‌లో సిక్స్త్ గ్రేడ్‌కి వెళ్తాడండి. మా పక్క ఏరియాలో ఉన్న మిడిల్ స్కూల్ ముందు 'స్కూల్స్ టు వాచ్' అని పెద్ద బ్యానర్ కట్టారు. మా స్కూల్‌కి అలాంటిదేం లేదు. కానీ ఆన్‌లైన్ రేటింగ్ చూస్తే మాది 8, వాళ్ళది 6. ఏది నమ్మాలో అర్థం కావట్లేదు. ఇల్లు అమ్మేసి అటు మారిపోదామా అని నేను, అస్సలొద్దని మా ఆయన. రోజూ ఇదే గొడవ. – ఒక అమ్మ

జవాబు: అమ్మా, ముందు ఇల్లు అమ్మే ఆలోచన కాస్త పక్కన పెట్టండి, ఆ బ్యానర్ ఏంటో చెప్తా, తర్వాత మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

1989లో కార్నెగీ అనే దాతృత్వ సంస్థ వాళ్ళ కౌన్సిల్ ఒకటి 'టర్నింగ్ పాయింట్స్' అని ఒక రిపోర్ట్ ఇచ్చింది. పది నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి ఏం కావాలో దానికీ, మన స్కూళ్ళు నడిచే తీరుకీ అసలు పొంతన లేదు అన్నది దాని సారాంశం. ఎలిమెంటరీలో ఒక టీచర్ దగ్గర రోజంతా ఉన్న పిల్లాడు ఒక్కసారిగా పెద్ద బిల్డింగ్‌లో పడతాడు, గంట కొట్టినప్పుడల్లా రూమ్ మారాలి, ప్రతి రూమ్‌లో వేరే టీచర్, వాడి పేరు గుర్తుండే పెద్దవాళ్ళే ఉండరు. సరిగ్గా ఒళ్ళూ మనసూ మారిపోయే వయసులో ఇలా చేస్తున్నాం. దాన్ని మార్చాలని పట్టుదల ఉన్న సంస్థలూ, టీచర్లూ, రీసెర్చర్లూ కలిసి 1997లో ఒక నేషనల్ ఫోరమ్‌గా ఏర్పడ్డారు. రిపోర్టులు రాస్తే ఎవరూ మారరు, నడుస్తున్న స్కూల్‌ని కళ్ళారా చూపిస్తే మారతారు అని 1999లో నాలుగు స్కూళ్ళని ఎంచి 'స్కూల్స్ టు వాచ్', అంటే 'వీటిని చూడండి' అన్నారు. వాటిలో ఒకటి కెంటకీలో పల్లెటూళ్ళ మధ్య ఉన్న కౌంటీ స్కూల్, ఒకటి చికాగో సిటీలోది, ఒకటి ఇల్లినాయ్‌లోనే షాంపేన్‌లోది, ఇంకోటి టెక్సాస్‌లో ఫ్రీపోర్ట్‌ది. ఒకదానికొకటి పోలిక లేదు చూడండి! 'వాళ్ళకి కుదిరింది, మాకు కుదరదు' అని తప్పించుకునే వీలు లేకుండా పోయింది, నాకు అందులో అన్నిటికంటే నచ్చింది అదే. 2002 నుంచి స్టేట్‌లు కూడా ఇందులోకి వచ్చాయి, మొదట కాలిఫోర్నియా, జార్జియా, నార్త్ కరోలినా.

ఇప్పుడు మీ 8, 6 సంగతి. ఆ రేటింగ్‌లో పెద్ద వాటా టెస్ట్ స్కోర్లదే, టెస్ట్ స్కోర్లేమో ఆ ఏరియాలో కుటుంబాల ఆదాయంతో పాటే పెరుగుతాయి తగ్గుతాయి, అంటే మీరు చూస్తున్న 8లో స్కూల్ చేసిన పని ఎంతో, పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్నది ఎంతో విడదీసి చెప్పలేం. బ్యానర్ వెనకున్న లెక్క వేరు. చదువు గట్టిగా ఉందా, ఈ వయసు పిల్లల అవసరాలు తెలిసి నడుపుతున్నారా, ప్రతి పిల్లకీ సమానంగా మంచి చదువు అందుతోందా, ఇవన్నీ ఒక ప్రిన్సిపల్ వెళ్ళిపోతే కూలిపోకుండా నిలబెట్టే పద్ధతులు ఉన్నాయా, ఈ నాలుగూ చూస్తారు. స్కూల్ పర్ఫెక్ట్‌గా ఉండాలని కాదు, సరైన దారిలో పైకి వెళ్తుంటే చాలు. అందుకే 6 ఉన్న స్కూల్‌కి కూడా బ్యానర్ రావచ్చు, అందులో వింతేం లేదు. ఆ గుర్తింపు మూడేళ్ళే ఉంటుంది, తర్వాత మళ్ళీ చూసి ఇవ్వాలి, కాబట్టి బ్యానర్ మీద ఏ సంవత్సరం ఉందో కూడా చూడండి.

మీ స్కూల్‌కి బ్యానర్ లేదంటే బాగోలేదని కాదమ్మా, అప్లై చేయకపోయి ఉండొచ్చు, అన్ని స్టేట్‌లలో ఈ ప్రోగ్రామ్ లేదు కూడా. రెండు స్కూళ్ళకీ ఒక్కో పూట వెళ్ళి చూసి రండి, మీవారిని కూడా తీసుకెళ్ళండి.

ప్రశ్న: మేడమ్, ఇలాంటి గుర్తింపులన్నీ స్కూల్ వాళ్ళే ఫామ్ నింపుకుని తెచ్చుకునేవి కదా, వీటికి విలువేంటి? – ఒక తాతయ్య

జవాబు: తాతయ్యగారూ, మీ అనుమానం న్యాయమైనదే, ఫామ్ స్కూల్ వాళ్ళే నింపుతారు. తమకి తామే మార్కులు వేసుకుని, రుజువులు పెట్టి పంపిస్తారు. కానీ అక్కడితో అయిపోదు, బయటి స్కూళ్ళ టీచర్లూ ప్రిన్సిపల్స్ టీమ్‌గా వచ్చి క్లాసుల్లో కూర్చుంటారు, పిల్లల్తో, అమ్మానాన్నలతో విడివిడిగా మాట్లాడతారు.

నేను ఒకసారి అలాంటి టీమ్‌లో వెళ్ళా. ఆ స్కూల్ పేరు రాయను. మమ్మల్ని తిప్పి చూపించడానికి సెవెంత్ గ్రేడ్ అమ్మాయిని పంపించారు, రెండు జడలు, చేతిలో క్లిప్‌బోర్డ్, ల్యాబ్ ఇదీ లైబ్రరీ ఇదీ అని బాగా బట్టీ పట్టినట్టు చెప్తోంది. మాలో ఒకావిడ మెట్ల దగ్గర ఆగి "అమ్మా, నీకు ఏదన్నా కష్టమొస్తే ఈ బిల్డింగ్‌లో ఎవరికి చెప్పుకుంటావ్?" అని అడిగింది. ఆ పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదండీ, తన అడ్వైజరీ టీచర్ (కొద్దిమంది పిల్లల బాగోగులు కనిపెట్టుకుని ఉండే టీచర్) పేరు చెప్పింది, "ఆవిడ లేకపోతే లైబ్రరీలో ఉండే ఆంటీకి" అంది. తర్వాత లంచ్ టైమ్‌లో ఒక మూల టేబుల్ దగ్గర ఒంటరిగా తింటున్న అబ్బాయిని ఇదే ప్రశ్న అడిగాం. వాడు కాసేపు తల దించుకుని, ట్రే మీద ఫోర్క్‌తో గీతలు గీసి, "కస్టోడియన్ సార్ నాతో మాట్లాడతారు" అన్నాడు, అంటే స్కూల్ శుభ్రం చేసే ఆయన. టీచర్లు ఎవరూ లేరా నాన్నా అంటే తల అడ్డంగా ఊపాడు. సాయంత్రం మా మీటింగ్‌లో ఎక్కువ సేపు మాట్లాడుకుంది ఆ అబ్బాయి గురించే, ల్యాబ్ గురించి కాదు. మా రిపోర్ట్‌లో అది మొదటి పేజీలోనే రాశాం. ఫామ్‌లో ఇలాంటిది దొరకదు, అందుకే మనుషులు వెళ్ళి చూడాలి.

1982లో మొదలై చాలా ఏళ్ళు నడిచిన ఫెడరల్ ప్రభుత్వ గుర్తింపు 'బ్లూ రిబ్బన్' గురించి మీరు వినే ఉంటారు. అందులో తర్వాత్తర్వాత టెస్ట్ స్కోర్లకే ఎక్కువ బరువు పడింది, అయినా వెనకబడిన పిల్లల తేడా తగ్గించిన స్కూళ్ళకి విడిగా ఒక కేటగిరీ పెట్టారు, అది మంచి పని. కానీ స్కోర్ చూసి ఇంకో స్కూల్ ఏం నేర్చుకుంటుంది చెప్పండి? ఏం చేస్తే వచ్చిందో చూస్తేనే నేర్చుకునేది.

ప్రశ్న: మా పాప మ్యాథ్‌లో చాలా ఫాస్ట్. గుర్తింపు ఉన్న స్కూళ్ళలో 'ఈక్విటీ' అని అందర్నీ కలిపి కూర్చోబెడతారని మా ఫ్రెండ్స్ అంటున్నారు. మా పాప వెనకబడిపోదా? – ఒక నాన్న

జవాబు: ఈ భయం మన తెలుగు ఇళ్ళన్నిట్లో ఉంది, అందుకే సూటిగా చెప్తా. 'స్కూల్స్ టు వాచ్' క్రైటీరియాలో ఎక్కడా ఫాస్ట్‌గా ఉన్న పిల్లల్ని ఆపమని లేదు. అందరికీ ఎక్కువ ఆశించాలి, అందుకు తగ్గ సాయం చేయాలి అని ఉంది. ఈ రెండో ముక్క లేకుండా మొదటి ముక్క మాత్రమే చేసే స్కూల్ అయితే మీ భయం నిజమే అవుతుంది.

నేను చూసినంతలో తేడా ఇక్కడ తెలుస్తుంది: ఎయిత్ గ్రేడ్ ఆల్జీబ్రా క్లాస్‌కి వెళ్ళి ఎవరెవరు కూర్చున్నారో చూడండి. స్కూల్లో ఉన్న అన్ని రకాల పిల్లలూ అందులో కనిపిస్తే, వాళ్ళని అక్కడికి తేవడానికి సిక్స్త్ నుంచే ఎక్స్‌ట్రా క్లాస్ ఏదో నడుస్తోందన్నమాట. ఆ గదిలో ఒకే రకం ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలే ఉంటే, ఎన్ని బ్యానర్లు కట్టినా ఆ స్కూల్ నాకు మోడల్ కాదు. మీ పాపకి అడ్వాన్స్‌డ్ మ్యాథ్ దారి ఏంటి, సెవెంత్‌లో ఏం చేయిస్తారు అని అడగండి, దానికి తడుముకోకుండా జవాబు చెప్పే స్కూలే పక్కనున్న కష్టపడే పిల్లాడికి ఏం చేస్తున్నారన్నా కూడా తడుముకోకుండా చెప్తుంది, ఎందుకంటే రెండింటికీ కావాల్సింది ప్రతి పిల్ల ఎక్కడుందో తెలిసిన టీచర్లే.

ప్రశ్న: అక్కా, నేనూ మిడిల్ స్కూల్ టీచర్‌నే. మా వాళ్ళు గుర్తింపు వచ్చిన ఒక స్కూల్‌కి వెళ్ళి చూసొచ్చి, టీమ్‌లు, అడ్వైజరీ పీరియడ్ అన్నీ అలాగే పెట్టారు. రెండేళ్ళయింది, ఏమీ మారలేదు. మోడల్ స్కూల్ అనే ఐడియానే తప్పా? – ఒక చెల్లి

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చదివి నాకు మా పాత స్కూల్ గుర్తొచ్చింది, మేమూ అచ్చం ఇదే చేశాం. ముప్పై మంది వ్యాన్‌లలో వెళ్ళాం, ఫొటోలు తీసుకున్నాం, వాళ్ళ టైమ్‌టేబుల్ తెచ్చుకున్నాం. అడ్వైజరీకి ఇరవై నిమిషాలు కేటాయించాం. ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేయాలో మాకెవరికీ తెలీదు, నేను హాజరు తీసుకుని అనౌన్స్‌మెంట్స్ చదివి, పిల్లలు ఫోన్‌లు చూసుకుంటుంటే పేపర్లు దిద్దుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది, ఆ ఇరవై నిమిషాలూ ఆ పిల్లలవి.

మేం చూడనిది ఒకటుంది. అక్కడ ఒక టీమ్‌లోని నలుగురు టీచర్లకీ, అంటే ఒకే నూట పది, నూట ఇరవై మంది పిల్లలకి మ్యాథ్, సైన్స్, ఇంగ్లిష్, సోషల్ చెప్పేవాళ్ళకి, రోజూ ఒకే టైమ్‌లో ఖాళీ పీరియడ్ ఉంటుంది. మేం దాన్ని టైమ్‌టేబుల్‌లో చూశాం కానీ లోపల కూర్చోలేదు. చాలా ఏళ్ళ తర్వాత వేరే స్కూల్లో కూర్చున్నా. సైన్స్ టీచర్ అంది, "ఫలానా బాబు మూడు హోమ్‌వర్క్‌లు ఇవ్వలేదు." ఇంగ్లిష్ ఆయన "నాకూ అంతే, మంగళవారం నుంచి." సోషల్ ఆవిడ "మంగళవారం నుంచి క్లాస్‌లో నిద్రపోతున్నాడు." నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కౌన్సెలర్ అప్పుడే ఇంటికి ఫోన్ చేసింది, వాళ్ళమ్మకి నైట్ షిఫ్ట్ పడింది, చిన్న చెల్లిని రాత్రంతా వీడే చూసుకుంటున్నాడు. ఆ రోజే హోమ్‌వర్క్‌కి స్కూల్లో టైమ్ ఇచ్చారు. నలుగురూ నాలుగు గదుల్లో ఉంటే నాలుగు జీరోలు పడి ఉండేవి, వాడు సోమరి అని నాలుగు చోట్లా రాసేవాళ్ళు.

కాబట్టి ఐడియా తప్పు కాదు. మళ్ళీ వెళ్ళండి, ముప్పై మంది వద్దు, నీ టీమ్ నలుగురూ వెళ్ళండి, ఒక రోజు మొత్తం ఆ మీటింగ్‌లోనూ ఒక అడ్వైజరీలోనూ కూర్చోండి, ఎజెండా అడిగి తెచ్చుకోండి, ఎక్కడ దెబ్బ తిన్నారో అడగండి, మొదటి ఏడాది వాళ్ళకీ కుదిరి ఉండదు, అది చెప్పేవాళ్ళు ఉంటేనే మనకి ఉపయోగం. గుర్తింపు తీసుకున్న స్కూల్‌కి తలుపు తెరిచి ఉంచాల్సిన బాధ్యత ఉంది, మొహమాటపడకు. మీ ప్రిన్సిపల్‌ని ఒక్కటే అడుగు, ఆ కామన్ పీరియడ్ మీద వేరే డ్యూటీలు వేయొద్దని. మా పాత స్కూల్లో బస్ డ్యూటీ, సబ్‌స్టిట్యూట్ డ్యూటీ అని ఆ పీరియడ్‌ని కొంచెం కొంచెంగా తినేశారు, చివరికి వారానికి ఒకటి మిగిలింది.

ప్రశ్న: మా స్కూల్‌కి ఏ గుర్తింపూ లేదు, మేం ఇల్లు మారలేం. మాలాంటి వాళ్ళు ఏం చేయాలి? – ఇంకో అమ్మ

జవాబు: ఆ నాలుగు అంశాల క్రైటీరియా మొత్తం పబ్లిక్‌గానే ఉందమ్మా, మీ స్కూల్ అప్లై చేయకపోయినా చదువుకోవచ్చు. ప్రింట్ తీసి పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) మీటింగ్‌కి తీసుకెళ్ళండి. అన్నీ ఒకేసారి అడిగితే వాళ్ళు బెదిరిపోతారు, ఒకటే ఎంచుకోండి. నన్నడిగితే ఇది: సిక్స్త్ గ్రేడ్ పిల్లల పేర్లన్నీ స్టాఫ్ రూమ్ గోడ మీద అంటించి, ప్రతి టీచర్‌నీ తనకి బాగా తెలిసిన పిల్లల పేరు పక్కన ఒక చుక్క పెట్టమనండి. సాయంత్రానికి ఏ చుక్కా లేని పేర్లు కొన్ని మిగులుతాయి. వాటిని టీచర్లు తలా రెండు పంచుకోవాలి, రోజూ పలకరించడానికి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, మీ ప్రిన్సిపల్ ఒప్పుకుంటే చాలు. మీ ప్రిన్సిపల్‌ ఏమన్నారో నాకు తప్పకుండా రాయండి.