పాత కారు స్టీరింగ్ కాలమ్ లూజు: మొత్తం మార్చాల్సిందేనా?

స్టీరింగ్ వీల్ పైకీ కిందికీ కదులుతోందని, తిన్నగా వెళ్తున్నప్పుడు కాస్త తిప్పినా బండి దిశ మారడం లేదని, మెకానిక్ మాత్రం కాలమ్ (వీల్ కింది ట్యూబు, దాని లోపల వీల్‌తో పాటు తిరిగే షాఫ్ట్ అనే కడ్డీ) మొత్తం మార్చాలంటున్నాడని రాశారు. తొందరపడి మార్చకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు లోపాలు. వీల్ పైకీ కిందికీ ఊగుతోందంటే సాధారణంగా ట్యూబు లోపల షాఫ్ట్‌ను పట్టి ఉంచే పై బుష్ (రింగులాంటి ఆధారం) అరిగిందని అర్థం. తిప్పినా చక్రాలు కదలకపోతే ప్లే (వదులు) కింద ఉన్నట్టు: కప్లింగ్‌లోనో (షాఫ్ట్‌ను కిందివైపు కలిపే రబ్బరు జాయింట్), స్టీరింగ్ బాక్స్‌లోనో (వీల్ తిప్పుడును చక్రాలకు అందించే గేర్ పెట్టె), టై రాడ్ ఎండ్లలోనో (చక్రాలను తిప్పే కడ్డీల చివరి కీళ్లు).

నా పాత కారులో ఈ రెండూ ఉండేవి. ముందు కింది నుంచి మొదలుపెట్టాను. బండి నేల మీదే ఉంచి, ఇంజన్ ఆపి, ఒకరిని లోపల కూర్చోబెట్టి వీల్‌ను నెమ్మదిగా కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పమన్నాను. బానెట్ తెరిచి టార్చ్ వేసి చూస్తే కప్లింగ్ పై సగం ముందు కదిలి, కింది సగం ఆలస్యంగా కదిలింది. చేత్తో తడిమితే గట్టిగా అనిపించిన రబ్బరు, వీల్ తిరిగిన క్షణంలో బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్లిచ్చి నోరు తెరిచింది. వీల్ కదలనప్పుడు ఆ పగుళ్లు కనిపించకపోవచ్చు. అందుకే తిప్పుతుండగానే చూడాలి.

కప్లింగ్ మారిస్తే ఒక విషయం మర్చిపోవద్దు. చాలా పాత కార్లలో హారన్ ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) షాఫ్ట్ మీదుగానే ఉంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు కాబట్టి కప్లింగ్‌కు అడ్డంగా చిన్న ఎర్త్ వైరు ఉంటుంది. దాన్ని తిరిగి బిగించకపోతే హారన్ మోగదు.

ఇక పై బుష్. బ్యాటరీ వైరు తీసి, చక్రాలు తిన్నగా ఉంచి, వీల్‌కూ షాఫ్ట్‌కూ కలిపి ఒక గీత గీసి, పుల్లర్‌తోనే (వీల్‌ను స్క్రూతో లాగి ఊడదీసే పనిముట్టు) వీల్ లాగండి. సుత్తి వాడొద్దు. అమెరికాలో 1968 నుంచి ప్రమాదంలో ముడుచుకుపోయే కాలమ్‌లు తప్పనిసరి అయ్యాయి. తర్వాత ఇతర దేశాల కార్లలోకీ వచ్చాయి. అలాంటి చాలా కాలమ్‌లలో షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉండి, వాటిని ప్లాస్టిక్ పిన్నులు కలిపి ఉంచుతాయి. పైనుంచి గట్టిగా కొడితే ఆ పిన్నులు తెగుతాయి. పిన్నులు తెగినా, ట్యూబు వంగినా, ఇంతకుముందు గుద్దుకుని పొట్టిదైనా మాత్రం కాలమ్ మార్చాల్సిందే.

నాది ఫెల్ట్ (ఉన్ని నొక్కి చేసిన మందపాటి గుడ్డ) బుష్. నల్లటి పిండిలా రాలిపోయింది. కొత్తది వేసే ముందు షాఫ్ట్ మీద గోరు ఆనించి చూశాను. గోరు తగిలేంత గాడి ఉంటే కొత్త బుష్ కూడా త్వరగానే పోతుంది. అలాంటప్పుడు లేత్ మీద పలచని స్లీవ్ (తొడుగు) చేయించి ఎక్కించడం మంచిది. షాఫ్ట్‌కు వెల్డింగ్ పెట్టి నింపడానికి నేను ఒప్పుకోను. ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది, వేడికి లోహం బలం తగ్గొచ్చు. ఫెల్ట్ అయితే నూనెలో నానబెట్టి వేయాలి. రబ్బరు అయితే సిలికాన్ గ్రీజు వాడండి, మామూలు గ్రీజు దాన్ని ఉబ్బిస్తుంది.

పాత బుష్ పారేసే ముందు ఎటువైపు అరిగిందో చూడండి. ఒకవైపే అరిగితే కాలమ్ వంకరగా బిగించి ఉండొచ్చు. బిగించేటప్పుడు డాష్ దగ్గరి క్లాంప్, నేల దగ్గరి క్లాంప్ వదులుగా ఉంచి, ముందు కప్లింగ్ కూర్చున్నాక వాటిని బిగించండి. ఇది చూడకుండా బుష్ మీద బుష్ మార్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

చివరికి మిగిలింది స్టీరింగ్ బాక్స్. దాని పైనున్న సర్దుబాటు స్క్రూ బిగించేస్తే ప్లే పోతుందని ఎవరు చెప్పినా ముందే చేయొద్దు. బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కాబట్టి బాక్స్ లోపల మధ్యభాగమే ఎక్కువ అరుగుతుంది. అక్కడి ప్లే పోయేదాకా బిగిస్తే, మలుపులో పట్టేసి వీల్ తనంతట తిరిగి రాదు. మిగతావన్నీ సరిచేశాకే, ముందు చక్రాలు జాకీ మీద లేపి, స్క్రూ కొంచెం తిప్పి, ఈ చివర నుంచి ఆ చివరకు వీల్ తిప్పి చూడండి. ఎక్కడ బరువు తగిలినా వెనక్కి వదలండి. బాక్స్ ఉన్న పాత కార్లలో వీల్ అంచు దగ్గర ఒక అంగుళం దాకా ప్లే మామూలే.

కప్లింగ్ దగ్గర షాఫ్ట్‌ను పట్టుకునే బోల్టు గాడిలో కూర్చుందో లేదో కంటితో చూసి, కొత్త లాక్ నట్ వేయండి. కొన్నాళ్లు నడిపాక దాన్ని మళ్లీ బిగించి చూడండి.