చతురస్ర మాత్రిక చేసే మోసం

తమ్ముడూ,

గణాంకాల పనికి వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, మాత్రిక (అంకెల పట్టిక) వరుసలన్నిటి మీదా ఒకే లెక్క నడిపే అప్లయ్ ఫంక్షన్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిలా గబగబా చదివేశాను, బాగానే ఉందనిపించింది. రెండోసారి కంప్యూటర్ ముందు కూర్చుని నువ్విచ్చిన ప్రతి లైనూ కొట్టి చూస్తూ చదివాను. అప్పుడు ఒకచోట ఆగిపోయాను. ఈ ఉత్తరం చాలావరకు ఆ చోటు గురించే.

నువ్వు ఉదాహరణగా తీసుకున్నది మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసలున్న మాత్రిక. అందులో 1 నుంచి 9 దాకా అంకెలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ దాన్ని అడ్డంగా కూడినా మూడు జవాబులే, నిలువుగా కూడినా మూడు జవాబులే. పాఠకుడు మార్జిన్ దగ్గర, అంటే అడ్డు వరుసలకైతే 1, నిలువు వరుసలకైతే 2 అని చెప్పే చోట, 1 బదులు 2 కొట్టాడనుకో, జవాబు ఆకారంలో ఏ తేడా రాదు. పైగా నీ మాత్రికలో అడ్డు మొత్తాలు 12, 15, 18. నిలువు మొత్తాలు 6, 15, 24. నడిమిది రెండిట్లోనూ 15! కొత్తవాడి కన్ను ముందు ఆ 15 మీదే పడుతుంది, ‘ఆఁ, సరిపోయింది’ అనుకుని ముందుకెళ్ళిపోతాడు. నీ ఉదాహరణ తప్పు కాదు, తప్పును దాచిపెడుతోంది. నేర్పడానికి రాసేవాడికి అది ఇంకా ప్రమాదం.

అందుకని ఒక్క వరుస తీసెయ్. 1 నుంచి 6 దాకా అంకెలు తీసుకుని రెండు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసలుగా పేర్చు. ఆర్ పైనుంచి కిందికి నింపుకుంటూ వెళ్తుంది కాబట్టి ఇలా వస్తుంది:

1 3 5
2 4 6

ఇప్పుడు మార్జిన్ 1 ఇచ్చి కూడితే 9, 12 అని రెండే జవాబులు. 2 ఇస్తే 3, 7, 11 అని మూడు. పొరపాటు జరిగితే జవాబుల సంఖ్యే చెప్పేస్తుంది, నువ్వు హెచ్చరించక్కర్లేదు.

ఇక నీ వ్యాసంలో అందరూ ఎత్తి రాసుకునే వాక్యం ఒకటుంది: ‘మార్జిన్ 1 ఇస్తే అప్లయ్ అడ్డంగా పనిచేస్తుంది.’ అడ్డంగా పనిచేయడమంటే ఏమిటి? గళ్ళ నుడికట్టు పూరించే అలవాటున్నవాళ్ళకి అడ్డం అంటే ఎడమ నుంచి కుడికి నడవడం. ఇంకొకరికి అడ్డు వరుసకొక జవాబు రావడం. మూడోవాడు పైథాన్ భాషలో ఇలాంటి లెక్కలకి వాడే నమ్‌పై లైబ్రరీ వాడి వచ్చినవాడైతే వాడి తలలో యాక్సిస్ తిరుగుతూ ఉంటుంది. ఈ మూడోవాడి కోసం నువ్వు ఇంకాసేపు ఆగాలి. నమ్‌పైలో యాక్సిస్ అనేది ఏ దిశ నలిగి మాయమవాలో చెబుతుంది. ఆర్‌లో మార్జిన్ ఏ దిశ మిగలాలో చెబుతుంది. మన రెండు బై మూడు మాత్రికనే తీసుకో. నమ్‌పై లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి అక్కడ యాక్సిస్ 0 అన్నా, ఇక్కడ మార్జిన్ 1 అన్నా చూపిస్తున్నది అడ్డు వరుసల దిశనే. అయినా కూడితే అక్కడ మూడు జవాబులు, ఇక్కడ రెండు. ఒకరు దాన్ని తీసేయమన్నారు, ఇంకొకరు ఉంచమన్నారు, అంతే తేడా.

కాబట్టి ‘అడ్డంగా’ అన్న మాట కొట్టేసి ‘మార్జిన్‌లో రాసిన దిశ మిగులుతుంది’ అని రాయి. దీంతో ఇంకో లాభం కూడా ఉంది. 1, 2 రెండూ కలిపి ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్నకి నువ్వు విడిగా ఒక పేరా ఖర్చుపెట్టావు. రెండు దిశలూ మిగలమంటే ఒక్కో గడికీ ఫంక్షన్ విడిగా నడుస్తుందన్నమాట, ఇక వేరే వివరణ ఎందుకు? రెండు బై మూడు బై నాలుగు అరే (మూడు దిశలున్న పట్టిక) ఒకటి చేతికొచ్చి, మార్జిన్‌గా 1, 3 ఇచ్చి కూడినా ఇదే సూత్రం. రెండు బై నాలుగు మాత్రిక మిగులుతుంది.

ఇంతవరకు సులువే. నువ్వు అసలు తాకకుండా వదిలేసిన చోటు ఒకటుంది. ఫంక్షన్ ఒక్క సంఖ్య కాకుండా కొన్ని సంఖ్యలు తిరిగిస్తే?

ప్రతి అడ్డు వరుసలోని అంకెల్ని ఆ వరుస మొత్తంతో భాగించి వాటాలు కట్టాలనుకో. మార్జిన్ 1. మొదటి వరుసకి తొమ్మిదిలో ఒకటి, మూడు, అయిదు వంతులు రావాలి, వస్తాయి కూడా. కానీ అడ్డంగా రావు, నిలువుగా నిలబడి వస్తాయి. రెండు బై మూడు లోపలికి వెళ్ళి మూడు బై రెండై బయటికొస్తుంది. అప్లయ్ ఒక్కో వరుసకి వచ్చిన జవాబుని ఒక్కో నిలువు వరుసగా పేర్చుకుంటూ పోతుంది, ఆర్ మాత్రికని దాచుకునే పద్ధతే నిలువు వరుసల క్రమం కాబట్టి. బయటికొచ్చినదాన్ని టి అనే ఫంక్షన్‌తో తిప్పుకోవాలి. ఇది మొదటిసారి చూసిన ప్రతివాడూ ఆర్‌లో బగ్ ఉందనుకుంటాడు.

దీనికి నేను బాగానే మూల్యం చెల్లించాను. ఒకప్పుడు పన్నెండు కేంద్రాల పన్నెండు నెలల రీడింగులకి వాటాలు కట్టే పని చేశాను. పన్నెండు బై పన్నెండు, అంటే చతురస్రం. అప్లయ్ దాన్ని తిప్పేసి ఇచ్చింది, ఆకారం మాత్రం అదే పన్నెండు బై పన్నెండు. మాత్రికకి పేర్లు ముందే పెట్టి ఉంటే అవి కూడా తిరిగి పట్టిచ్చేవి. నేను ఘనంగా పేర్లు ఆఖర్న అతికించాను. గడులన్నీ కలిపి కూడి చూస్తే 12 వచ్చింది, పన్నెండు కేంద్రాలు కదా, సరిపోయిందనుకుని పంపేశాను. వారం తర్వాత ఒకాయన నెమ్మదిగా అడిగాడు: మూడు నెలలు మూతపడిన కేంద్రానికి ఆ మూడు నెలల్లో సున్నాలుండాలి కదా, అంకెలెక్కడివని. ఆ పూట నాకు పట్టిన చెమట ఇప్పటికీ గుర్తుంది. ఒక్క అడ్డు వరుస కూడి 1 వచ్చిందా అని చూసినా అర నిమిషంలో దొరికేది. తిప్పినా తిప్పకపోయినా మొత్తం మొత్తమే కాబట్టి, దాన్ని చూసి ఏం లాభం?

ఇదే జాతి తప్పు ఇంకోటి నీ వ్యాసంలో ఉంది, ఆరో పేజీలో. నిలువు వరుసల సగటుల్ని మాత్రికలోంచి నేరుగా తీసేయమన్నావు. మన చిన్న మాత్రిక మీద నువ్వే చేసి చూడు. సగటులు 1.5, 3.5, 5.5. వాటిని తీసేస్తే పై వరుసంతా −0.5, కింది వరుసంతా 0.5 రావాలి. నీ లైను కొడితే వచ్చేది ఇది:

−0.5 −2.5 1.5
−1.5 2.5 0.5

ఎందుకంటే ఆర్ ఆ మూడు సగటుల్నీ పైనుంచి కిందికి, వరుస మారినా ఆపకుండా, మళ్ళీమళ్ళీ వాడుకుంటూ పోయింది. ఆరు గడులకి మూడు సంఖ్యలు సరిగ్గా రెండుసార్లు సరిపోయాయి గనక హెచ్చరిక కూడా ఇవ్వదు. మొత్తం కూడితే ఇక్కడా సున్నానే వస్తుంది చూడు, మళ్ళీ అదే మాయ. నిలువుగా సగటు తీస్తే మాత్రం −1, 0, 1 అని బండారం బయటపడుతుంది. ఇంకో తిరకాసేమిటంటే, అడ్డు వరుసల సగటుల్ని ఇలాగే తీసేస్తే జవాబు నిజంగానే సరిగ్గా వస్తుంది. మనిషి దాన్ని ముందు చేసి చూసి, ధైర్యం వచ్చి నిలువు వరుసలకీ అదే చేస్తాడు. నువ్వు జారింది అక్కడే అని నా అనుమానం. అక్కడ స్వీప్ అనే ఫంక్షన్ వాడు. మాత్రిక, మార్జిన్ 2, సగటులు ఇస్తే చాలు, ఏమీ చెప్పకపోతే అది చేసేది తీసివేతే.

మిగతావి చకచకా చెప్పేస్తాను. ‘అప్లయ్ లూప్ కన్నా వేగం’ అన్న వాక్యం తీసెయ్ (లూప్ అంటే ఒకే పనిని మళ్ళీమళ్ళీ చేయించే కోడ్). బ్రాకెట్లు లేకుండా ఉత్త అప్లయ్ అని కొట్టి ఎంటర్ నొక్కితే దాని కోడ్ తెరమీద కనిపిస్తుంది. లోపల ఉన్నది మామూలు ఫర్ లూపే. కూడికకీ సగటుకీ వేగం కావాలంటే రోసమ్స్, కాల్‌మీన్స్ లాంటివి ఉన్నాయి, వాటి పని సి భాషలో జరుగుతుంది. అప్లయ్ వాడేది కోడ్ చదవడానికి హాయిగా ఉంటుందని. డేటాఫ్రేమ్ (ఒక్కో కాలమ్‌లో ఒక్కో రకం విలువలు ఉండగల పట్టిక) మీద అప్లయ్ వాడితే అది ముందు మాత్రికగా మారుతుందని కూడా ఒక ముక్క చేర్చు. మాత్రికలో ఒకే రకం విలువలుంటాయి కాబట్టి, పేర్ల కాలమ్ ఒక్కటి ఉన్నా అంకెలన్నీ అక్షరాలైపోతాయి.

మొదటి పేజీలో ఆర్ చరిత్రంతా ఎత్తుకున్నావు. బెల్ ల్యాబ్స్ ఎస్ భాష, ఆక్లండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్, అన్నీ నిజమే. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న, అంటే లీపు రోజున వచ్చిందన్న సంగతి నాకూ ఇష్టమే. కానీ మార్జిన్ అర్థంకాక నీ దగ్గరికి వచ్చినవాడికి అది ఒక్క వాక్యం చాలు.

భాష గురించి అడిగావు. మాత్రిక, అడ్డు వరుస, నిలువు వరుస లెక్కల పుస్తకంలో అందరూ చదివినవే, వాటిని వదలకు. ఫంక్షన్‌ని మాత్రం ప్రమేయం చెయ్యకు. లెక్కల క్లాసులో అది బాగానే ఉంటుంది గానీ, కోడ్ రాస్తూ ఎవరూ అనగా నేను వినలేదు. మార్జిన్‌కి నువ్వు పెట్టిన ‘ఉపాంతం’ చూసి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు.

ఆఖరి పేరా మటుకు ముట్టుకోకు. మాత్రికలోంచి ఒక్క వరుస తీసుకుంటే అది మాత్రిక కాకుండా ఉత్త వెక్టర్ (అడ్డం నిలువు లేని ఒట్టి అంకెల వరుస) అయిపోవడం, దానిమీద అప్లయ్ వేస్తే ‘డిమ్ ఎక్స్ మస్ట్ హావ్ ఎ పాజిటివ్ లెంగ్త్’ అని ఎర్రర్ రావడం, డ్రాప్ ఫాల్స్ పెట్టి, అంటే మాత్రికని మాత్రికగానే ఉంచమని చెప్పి, నువ్వు బయటపడటం. అది నీకు నిజంగా జరిగిందని చదువుతుంటేనే తెలుస్తోంది. దాన్ని ముందుకి తెచ్చి దాంతోనే వ్యాసం మొదలుపెడితే ఎలా ఉంటుందో ఒకసారి రాసి చూడు. రెండు బై మూడు మాత్రికతో తిరగరాసింది పంపితే మళ్ళీ ప్రతి లైనూ కొట్టి చూస్తాను.

ఉంటాను,
అన్నయ్య