సూరికి అన్యాయం చేశావు

ప్రియమైన తమ్ముడికి,

నీ నవలిక చదివాను. పర్లాకిమిడి వీధుల్లో ఒడియా, తెలుగు ఒకే వాక్యంలో కలిసిపోవడం, మహేంద్రతనయ నది గట్టున స్నేహితులు రాజు, సూరి పడే తగవులు ఎంతో నచ్చాయి. నచ్చింది కనుకే గట్టిగా చెబుతున్నాను. సూరికి అన్యాయం చేశావు.

పోలియోతో వాడి కాలు చచ్చుబడింది. అంతకు మించి వాడికి నువ్వేమీ ఇవ్వలేదు. రాజు విశాఖ వెళతాడు, చదువుకుంటాడు, ప్రేమిస్తాడు. సూరి స్టేషన్లో చెయ్యి ఊపి, చివరికి జ్వరంతో చనిపోతాడు. రాజు పెద్దవాడు కావడానికి వాణ్ణి చంపావు. కూర్చుని చేసే పని కదా అని మీ ఊళ్లో పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే చోట కూర్చోబెట్టావు, ఇష్టమో కాదో అడగలేదు. వాడికి ఊరు దాటాలని ఉండదా? రాజు మీద అసూయ ఉండదా? వాణ్ణి అబద్ధాలాడనీ, పోట్లాడనీ.

ముందు కాలం తేల్చుకో. ఒకచోట నౌపడా చిన్న రైలు, ఇంకోచోట వీడియో కాల్! ఆ న్యారోగేజి బండి 2004లోనే ఆగిపోయింది. 2003లో పదిహేడేళ్ల సూరి అంటే నమ్ముతాను. రైలు ఉంచుకో, వీడియో కాల్ తీసెయ్యి.

'కుంటుతూ నడిచాడు' అని చాలాచోట్ల రాశావు, చచ్చుబడిన కాలికి ఊతగా కట్టుకునే ఇనుప కాలిపర్ మాత్రం ఎక్కడా లేదు. నిలబడగానే మోకాలి దగ్గరి ఇనుప గొళ్లెం కిందికి జారి టక్కుమంటుంది. కూర్చోవాలంటే దాన్ని చేత్తో పైకి లాగాలి. ఎండాకాలం తోలు పట్టీ కింద చర్మం ఒరుసుకుపోతుంది. ఆ చప్పుడు వినగానే, తల తిప్పకుండానే, సూరి లేచాడని రాజుకు తెలియాలి. ఎప్పుడు భుజం ఇవ్వాలో, ఎప్పుడు చూడనట్టు ముందుకు నడవాలో కూడా తెలియాలి. వాళ్ల స్నేహమంతా అక్కడ చూపించు.

తోడు లేకుండా ప్రయాణించలేని వికలాంగులకు రైలు రెండో తరగతి టికెట్‌లో 75 శాతం రాయితీ ఉంది, వెంట వెళ్లేవారికీ అంతే. నీ కథకు ఇంతకన్నా మంచి ముడి దొరకదు. రాజు తోడుంటే పావు ధరకే వెళ్లొచ్చు. ఒంటరిగా అయితే పూర్తి డబ్బు పెట్టాలి. టికెట్ కిటికీ ముందు సూరి ఏమంటాడు? దీనికి ఒక అధ్యాయమంతా కేటాయించు.

మీ ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనులుండే కొండల్లో తిరిగి జ్వరాల పాలయ్యారు, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు, డెబ్బై దాటిన వయసులో ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన జీవిత కథ ఒకసారి చదువు. సూరికి ఏం కావాలో నీకే తడుతుంది.

చావు తీసేసి, స్టేషన్ అధ్యాయాన్ని సూరి వైపు నుంచి మళ్లీ రాసి పంపు. దసరా లోపు చదివి బదులు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య