బెల్ట్ చూసి వణికిపోయే పిల్లాడిది మొండితనం కాదమ్మా

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మా బాబుకి 13 ఏళ్లు, ఆటిజం, దాంతోపాటు ఏడీహెచ్‌డీ (కుదురుగా ఉండలేకపోవడం, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం) కూడా ఉందన్నారు, రెండు మూడు మాటలకి మించి కలిపి చెప్పలేడు. పోయినేడు ఒక రెసిడెన్షియల్ సెంటర్లో చేర్పించాం, అక్కడ కొడుతున్నారని, గదిలో పెట్టి గొళ్లెం వేస్తున్నారని ఇంకో పేరెంట్ చెప్తే వెంటనే తీసుకొచ్చేశాం. ఇప్పుడు మావారు డ్యూటీ నుంచి వచ్చి బెల్ట్ తీస్తే చాలు చెయ్యి కొరుక్కుంటాడు, స్నానానికని బాత్రూమ్ తలుపేస్తే తల గోడకేసి కొట్టుకుంటాడు, మొన్న అడ్డమొచ్చిన మా అత్తమ్మని తోసేస్తే ఆవిడ మోచెయ్యి వాచింది. అందరూ మొండికేస్తున్నాడు, రెండు తగిలిస్తే దార్లోకొస్తాడు అంటున్నారు. డాక్టర్ గారు రిస్పెరిడోన్ రాశారు, వెయ్యాలంటే భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఓ తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. బెల్ట్, మూసిన తలుపు. మనకి ఇవి రోజూ ఉండేవే, కానీ బాబుకి అవి కనపడగానే ఆ సెంటరే గుర్తొస్తుండొచ్చు, అప్పుడు వాడి ఒంటికి తెలిసేది తప్పించుకోవాలని ఒక్కటే, అమ్మా నాకు భయంగా ఉంది అని చెప్పడానికి మాటలు లేవు కాబట్టి చెయ్యి కొరుక్కుంటున్నాడు. ఇలాంటి పిల్లల్ని చూసి ఆటిజం అంటే అంతేలే అనేస్తారు చాలామంది, డాక్టర్లు కూడా, అందుకే దెబ్బలు తిన్న సంగతి ఎవరి లెక్కలోకీ రాదు. కొట్టి భయపెట్టిన పిల్లాడిని మళ్ళీ కొడితే ఆ భయం ఇంటిక్కూడా వచ్చేస్తుంది. కాబట్టి ఇంట్లో ఎవ్వరూ చెయ్యెత్తకూడదు, అత్తయ్యగారితో ఈ మాట మీ ఆయన చేతే చెప్పించండి.

ఈ రోజు నుంచే మీ ఆయన్ని బెల్ట్ వేరే గదిలో తియ్యమనండి. బాత్రూమ్ తలుపు సగం తెరిచి కర్టెన్ కట్టండి. ఇలా చేస్తే వాడికి లొంగిపోయినట్టు కాదా అని చుట్టాలు అంటారు, అననివ్వండి, భయంతో బిగుసుకుపోయిన పిల్లాడికి ఏదీ నేర్పలేం, ముందు కుదుటపడాలి. నెలలు పట్టినా సరే, తర్వాత మెల్లగా తలుపు వాడి చేతే వేయించి వాడి చేతే తీయించండి, గొళ్లెం ఎప్పుడూ వాడికి అందేలా ఉండాలి. "ఆపు", "బయటికి" అని రెండు బొమ్మల కార్డులు చేసి చేతికివ్వండి, వాడు చూపించగానే ఆ పని ఆపెయ్యాలి, ఒక్కసారి పట్టించుకోకపోయినా మళ్ళీ కొరుక్కోవడమే మొదలుపెడతాడు.

తల కొట్టుకుంటున్నప్పుడు ఇంట్లో ఒక్కరే దగ్గరుండండి, మిగతావాళ్ళు గదిలోంచి వెళ్ళిపోవాలి, గోడకీ తలకీ మధ్య దిండు పెట్టండి. ఎందుకు చేస్తున్నావ్ అని అడగొద్దు, అసలు మాటలే తగ్గించండి. కట్టెయ్యడం, పడేసి అదిమి పట్టుకోవడం అస్సలొద్దు. తలకి దెబ్బ తగిలాక వాంతులైనా, మత్తుగా ఉన్నా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. తర్వాత ఒక నోట్‌బుక్‌లో దానికి ముందు ఏం జరిగింది, బాబు ఏం చేశాడు, మనమేం చేశాం అని రాయండి, రెండు వారాలు రాస్తే బెల్ట్, తలుపు కాకుండా ఇంకేమున్నాయో కూడా బయటపడతాయి. ఇంకోటి, పళ్ళు, చెవులు, మలబద్ధకం ఒకసారి చూపించండి, పన్ను పోటు చెప్పుకోలేక తల కొట్టుకునే పిల్లలు ఎంతోమంది ఉన్నారు.

మందు సంగతికొస్తే, ఆటిజం ఉన్న 5 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో విపరీతమైన చిరాకు, కొట్టుకోవడం లాంటివాటికి రిస్పెరిడోన్‌ని అమెరికాలో 2006లోనే అప్రూవ్ చేశారు, కొంతమందికి బాగా పనిచేస్తుంది కూడా. కానీ ఆకలి, బరువు పెరుగుతాయి, మత్తుగా ఉంటుంది, కాబట్టి మొదలుపెట్టే ముందు బరువు, షుగర్ చూడమని అడగండి, మొదలుపెట్టాక మీ అంతట మీరు ఆపెయ్యొద్దు. సెంటర్లో జరిగింది డాక్టర్ గారికి చెప్పారా? చెప్పకపోతే ముందు అది చెప్పండి, ఎందుకంటే మందు కోపాన్ని తగ్గిస్తుందేమో గానీ కారణాన్ని తియ్యదు, అది తెలియకపోతే డోస్ పెంచుకుంటూ పోతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీకి ఒకసారి తీసుకెళ్ళండి. మీకు నిద్ర పట్టని రాత్రి 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

చివరిది రాయడానికి నాకే కష్టంగా ఉంది. బట్టలు విప్పేటప్పుడు, స్నానం దగ్గర ఇంత భయపడుతున్నాడంటే లైంగికంగా ఏమైనా జరిగిందేమో కూడా చూడాలి. మీరు పదే పదే అడగొద్దు, పిల్లల డాక్టర్‌కీ సైకాలజిస్ట్‌కీ ఈ మాట విప్పి చెప్పండి, అలాంటి అనుమానం ఉంటే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకి చెప్పడం తప్పనిసరి. అది కాకపోయినా, పిల్లల్ని చూసుకోవాల్సిన సంస్థలో పనిచేసేవాళ్ళే కొడితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, మీకు చెప్పిన ఆ పేరెంట్‌ని కూడా వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి కంప్లైంట్ రాసివ్వండి, అక్కడ ఇంకా పిల్లలున్నారు. కాపీ మీద స్టాంపు వేయించుకోవడం మర్చిపోవద్దు.