మైకు ముందుకు వెళ్తున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

వక్తృత్వ పోటీకి నీ అంతట నువ్వే పేరు ఇచ్చావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు చాటుకు వెళ్ళే పిల్లవి, నిండు సభలో మాట్లాడతానన్నావని విని ఎంత పొంగిపోయానో! కానీ మీ అమ్మ ఆ వెంటనే, "ప్రసంగం మీ అల్లుడుగారు రాసిపెట్టారు నాన్నా, పాప బట్టీ పడుతోంది" అంది. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. నియమాల కాగితం నువ్వే చదువు. ఎన్ని నిమిషాలు ఇస్తారో, హెచ్చరిక గంట ఎప్పుడు కొడతారో తెలుసుకుని, అర నిమిషం మిగిలేలా సాధన చెయ్యి. మైకును తట్టవద్దు, అందులోకి ఊదవద్దు. వేదిక మీది వారందరినీ పేరుపేరునా సంబోధిస్తూ సమయం పోగొట్టుకోకు. ఒక్క నమస్కారంతో విషయంలోకి వెళ్ళు. ఇంట్లో మాత్రం గొంతెత్తి అరుస్తూ సాధన చెయ్యకు. పోటీ నాటికి గొంతు బొంగురుపోయి కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లలను చాలామందిని చూశాను.

ఇక అసలు సంగతి. నేను ఉద్యోగంలో ఉండగా పదో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. అడవుల నరికివేత మీద పోటీ. ఇంట్లో పెద్దాయన ప్రసంగం రాసిచ్చారు. వాక్యం నిండా సమాసాలే. పిల్లవాడు అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేశాడు. వేదిక ఎక్కి రెండు నిమిషాలు ధారగా చెప్పాడు. మూడో నిమిషంలో ఒక సమాసం దగ్గర నాలుక మడతపడింది. సరిచేసుకుని తర్వాతి వాక్యం కోసం వెతుక్కున్నాడు. రాలేదు. బట్టీ పట్టిన వాక్యాల గుణమే అది. ఒకదాని చెయ్యి పట్టుకుని ఇంకొకటి వస్తుంది, నడుమ ఒక్కటి జారితే మిగిలినవేవీ రావు. వాడు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. ముందు వరుసలో కూర్చున్న ఆ పెద్దాయన పెదవులు కదుపుతూ మాట అందిస్తున్నారు, వాడు అందుకోలేకపోయేసరికి కళ్ళెర్రజేశారు. అంత సభలో వాడికి ఆ ఒక్క ముఖమే కనిపించింది. ఏమీ అనకుండా దిగి వచ్చేశాడు.

తర్వాత వరండా చివర ఒంటరిగా ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఓదార్చబోతే ఏడుస్తాడని, "చెట్లు కొట్టేస్తే నేలకు ఏమవుతుందిరా?" అని మాత్రం అడిగాను. వేర్లు మట్టిని ఎలా పట్టి ఉంచుతాయో, ఆకులు వాన చినుకు దెబ్బను ఎలా కాచుకుంటాయో, అవి పోతే పైమట్టి కొట్టుకుపోయి చెరువుల్లో మేట ఎలా వేస్తుందో చేతులు తిప్పుతూ చెప్పాడు. ఒక్క సమాసం లేదు, ఒక్క తడబాటు లేదు. వాడికి విషయం వచ్చు. దాన్ని వాడి మాటల్లో వాణ్ని చెప్పనివ్వలేదు, అంతే. బడి వదిలేదాకా ఆ పిల్లవాడు మళ్ళీ మైకు జోలికి పోలేదు. నా భయమంతా ఇదే తల్లీ. బహుమతి రాదని కాదు. నీవి కాని మాటలు మరిచిపోయి, మాట్లాడటమే నీకు చేతకాదని అనుకుంటావేమోనని.

పెద్ద వక్తలకూ ఇది తప్పలేదు. విన్‌స్టన్ చర్చిల్ తొలి రోజుల్లో ప్రసంగాలను కంఠస్థం చేసేవారు. 1904లో బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడుతూ వాక్యం మధ్యలో మరిచిపోయి, ఎంతకీ గుర్తురాక కూర్చుండిపోయారు. ఆ తర్వాత నుంచి కాగితం దగ్గర ఉంచుకునే మాట్లాడేవారు.

మీ నాన్నగారు ప్రేమతో రాశారు. ఆ కాగితంలోని విషయాలు తీసుకో, వాక్యాలు వదిలెయ్యి. నువ్వు చెప్పదలచుకున్నవి ఐదు ముక్కలుగా చీటీ మీద రాసుకుని, రోజుకో రకంగా చెప్పి చూడు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి. వేదిక ఎక్కిన క్షణంలో ఆలోచన అందదు, ఆ ఒక్క వాక్యమే నిన్ను ముందుకు నడుపుతుంది. ప్రసంగం చిన్నదైపోతుందని బెంగపడకు. 1863లో అమెరికాలోని గెటిస్‌బర్గ్ సభలో ఎడ్వర్డ్ ఎవరెట్ అనే పేరున్న వక్త రెండు గంటలు మాట్లాడారు, ఆయన తర్వాత అధ్యక్షుడు లింకన్ మూడు నిమిషాలైనా మాట్లాడలేదు. లోకం నేటికీ చదువుతున్నది లింకన్ మాటలే.

నోరు ఎండిపోతుంది, చేతులు చల్లబడతాయి. ఆపద వచ్చిందనుకుని శరీరం అడ్రినలిన్ అనే హార్మోను వదులుతుంది, దాని పనే ఇది. నీలోని దడలో చాలా భాగం చూసేవారికి కనిపించదు. కెనెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, ఈ సంగతి ముందే తెలిసిన విద్యార్థులు తెలియనివారికంటే బాగా మాట్లాడారు. అందుకే నీకూ ముందే చెబుతున్నాను. మాట తప్పిపోతే ఆగి ఊపిరి తీసుకో. వెనక్కి వెళ్ళకు, తర్వాతి ముక్క అందుకో. వదిలేసింది ఏమిటో నీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఒక్క విషయంలో మాత్రం నీ మీద కోపంగా ఉంది. వీడియోలు చూసి ఎవరెవరి ఆవేశమో, చేతులు ఊపడమో నేర్చుకుంటున్నావట. మానెయ్యి. న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడు అరువు ఆవేశం నాకు మొదటి నిమిషంలోనే తెలిసిపోయేది. అమ్మమ్మకు బడి కబుర్లు చెప్పేటప్పుడు నీ గొంతు మెల్లగా మొదలై ఎలా లేస్తుందో నువ్వెప్పుడూ వినలేదు, మేము విన్నాం. అలాగే మాట్లాడు, బంగారు తల్లీ.

ఆ రోజు వెనక వరుసలో కూర్చోమని మీ నాన్నగారికి నేనే చెబుతాను, ఆ సంగతి నాకు వదిలెయ్యి. ఆదివారం ఉదయం ఫోను చెయ్యి. నీ ఐదు ముక్కలతో మొత్తం నాకు వినిపించాలి. మధ్యలో రెండు మూడుసార్లు అడ్డు తగిలి వేరే ప్రశ్నలు వేస్తాను. జవాబు చెప్పి, ఆపిన చోటి నుంచి మళ్ళీ ఎత్తుకోవాలి.

ఇట్లు,
తాతయ్య